కత్తెరచెవి మెచ్చిన బండి

రేగులపల్లెలో వేటకు ఏ బండి కొనాలో తేల్చే హక్కు అడవిపందిదే. మిగతా ఊళ్ల సంగతి ఎలా ఉన్నా, ఆ మండలంలో ఈ పద్ధతి వచ్చి చాలా కాలమైంది. దాన్ని వింతగా చూసేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ప్రభుత్వం వారి వాదనలో తప్పు పట్టడానికి కూడా పెద్దగా ఏమీ లేదు. వేటగాళ్లు సీట్ల మీద కూర్చుని వెళ్తారు, కూర్చునే తిరిగొస్తారు. వెనక తొట్టిలో పడుకుని వచ్చేది పంది ఒక్కటే. బండి వల్ల ఎవరికి ఎక్కువ ఇబ్బందో వాళ్లనే ముందు అడగడం ధర్మం గనక పందిని అడుగుతారు.

ఆ ఏడు మక్కచేలు పాలు పట్టే వేళకు రేగులగుట్ట పందుల మీద ఫిర్యాదులు ఎక్కువయ్యాయి. అందరికంటే గట్టిగా మొత్తుకున్నది కొమురవ్వ. ఆమె చేను గుట్టకు ఆనుకునే ఉంది. చేను చుట్టూ పాత చీరలు కట్టింది. మంగలి దుకాణం నుంచి సంచెడు వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లింది. సత్తుపళ్లెం మోగించి మోగించి దానికి సొట్టలు పడేలా చేసింది. పందులు చీరల కింద నుంచి దూరి, వెంట్రుకల దగ్గర నాలుగు తుమ్ములు తుమ్మి, పళ్లెం చప్పుడు వింటూనే కడుపు నింపుకుని పోయాయి. చివరికి ఆమె అటవీశాఖ ఆఫీసుకు వెళ్లి తన చేనుకు కంచె వేయించమని దండం పెట్టి అడిగింది. కంచెకు నిధులు లేవు, వేటకు ఉన్నాయి. అందుకని వేట మంజూరైంది.

తుపాకీ లైసెన్సు, సరదా రెండూ ఉన్న నిఖిలేశ్ రెడ్డి అనే యువకుడు పట్నం నుంచి వచ్చాడు. బండి మాత్రం శాఖవారే కొనాలి. పంది ఎంపిక చేసేదాకా వేట మొదలుపెట్టకూడదని నిబంధన. రేంజి ఆఫీసరు ఫసియుద్దీన్ గారు నిబంధన అంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయన స్వయంగా గుట్ట కిందికి వెళ్లి, మైకు పట్టుకుని, పందుల తరఫున ఒకరు రావాలని మూడు దిక్కులకూ తిరిగి చదివారు. నాలుగో దిక్కున ఊరు ఉంది.

వచ్చింది కత్తెరచెవి. చిన్నప్పుడు తీగ ఉచ్చులో పడి తప్పించుకున్నప్పుడు దాని కుడిచెవి రెండుగా చీలింది, ఊళ్లో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. గుట్ట మీద పెద్ద ఆడపంది అదే. వీపు మీద చారలు ఇంకా మాయని పిల్లలున్నాయి దానికి. వాటిని రేగుపొదల్లో పడుకోబెట్టి ఒంటరిగా వచ్చింది.

సభ పంచాయతీ ఆఫీసు ముందు జరిగింది. కత్తెరచెవి గేటు దాటగానే అందరూ లేచి నిలబడ్డారు. అంతకుముందు ఆ వాకిట్లోకి వచ్చినప్పుడల్లా కర్రలతోనే లేచేవారు. ఇప్పుడు ఒక మడత కుర్చీ తెచ్చి వేశారు. కూర్చోవడం దాని ఒంటికి కుదిరే పని కాదు. అయినా వేసినవాళ్లను చిన్నబుచ్చడం ఇష్టం లేక ముందుకాళ్లు రెండూ కుర్చీ మీద పెట్టి నిలబడింది. బేసినులో చాయ పోశారు. అది కొంచెం కొంచెంగా తాగింది.

"అమ్మా, మీ అభిప్రాయమే మాకు ముఖ్యం," అన్నారు ఫసియుద్దీన్ గారు. "మొహమాటం లేకుండా చెప్పండి. ఏ బండి కావాలి?"

"నాకు ఏ బండీ వద్దు సారూ," అంది కత్తెరచెవి.

ఆయన కోప్పడలేదు. ఆయనకు కోపం రాదు, అదే ఆయనలో ఉన్న ఇబ్బంది. "వద్దు అనేది బండి కాదమ్మా. ఇవిగో, ఎర్రది, తెల్లది, పచ్చది. ఈ మూడింట్లో ఏదో చెప్పండి."

కత్తెరచెవి మూడు బండ్ల వైపూ చూసింది. వాటి మధ్య వద్దు అనేది ఎక్కడైనా ఆగి ఉందేమోనని వెతికింది. లేదు. ఫిర్యాదుదారు హోదాలో గోడ పక్కన నిలబడ్డ కొమురవ్వకు కూడా అది కనిపించలేదు.

చూసి చెప్పడం కష్టం కనుక నడిపి చూడాలన్నారు. దారి లేని చోట తిరగాల్సిన బండిని దారి మీద నడిపితే ఏం తెలుస్తుంది? గుట్ట ఎక్కించాల్సిందే. గుట్ట సంగతి తెలిసింది కత్తెరచెవికి గనక, దాన్ని నిఖిలేశ్ పక్క సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. బెల్టు రెండుసార్లు ఊడింది. మూడోసారి తువ్వాల కలిపి కట్టారు.

ఎర్రబండి ఎత్తుగా, లావు టైర్లతో ఉంది, కానీ గొంతు మరీ పెద్దది. పొదల దగ్గరికి వెళ్లకముందే పక్షులన్నీ లేచిపోయాయి. "ఇది వద్దు బిడ్డా, పిల్లలు జడుసుకుంటయ్," అంది కత్తెరచెవి. తెల్లబండి తొట్టి పొడుగు బాగుంది కానీ, వెనక చక్రాలు మాత్రమే లాగే రకం. వాగు ఇసుకలో దిగబడి తిరిగిన చోటే తిరిగింది. చివరికి కత్తెరచెవే దిగి మూతితో తోసి బయటపడేసింది. వేటగాడి బండిని పంది తొయ్యడం ఏమిటని అక్కడెవరూ అనుకోలేదు, సాయం సాయమే.

పచ్చబండికి నాలుగు చక్రాలూ లాగుతాయి, అడుగుభాగం రాళ్లకు తగలనంత ఎత్తు, నిటారు చోట్లకు చిన్న గేరు వేరే ఉంది. వాగు దాటింది, బండలెక్కింది. కత్తెరచెవికి హుషారొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆ గుట్ట గురించి దాన్ని అడిగినవాళ్లు లేరు, చెప్తే వినేవాళ్లు అసలే లేరు.

"ఎడమకు తిప్పు బిడ్డా, అక్కడ గడ్డి కింద గుంత ఉంది. ఆఁ, గట్ల! ఇగ ఈ వాలు ఎక్కిచ్చి చూడు. పొద్దు పొడువక ముందుగాల మేమందరం ఈడనే పండుకుంటం. ఈడికి రాని బండి కొని ఏం చేసుకుంటరు?"

"మీ అంత బాగా ఈ గుట్ట తెలిసినవాళ్లు ఎవరూ లేరండి," అన్నాడు నిఖిలేశ్. అబద్ధం కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. మంచి కుర్రాడు. ఆ చోటును ఫోన్లో గుర్తు పెట్టుకున్నాడు.

కిందికి వచ్చాక తొట్టి పరీక్ష మిగిలింది. కత్తెరచెవి ఎక్కి పక్కకు ఒరిగి పడుకుంది. కాళ్లు కొంచెం బయటికి వచ్చాయి. ముడిచి కట్టుకోవచ్చని ఫసియుద్దీన్ గారు నచ్చజెప్పారు. ఎండకు రేకు కాలుతోందంటే రబ్బరు మ్యాటు వేయిస్తామన్నారు.

"పిల్లల సంగతేంది సారూ?" అనడిగింది అది, పడుకునే.

"అది ఈ కమిటీ పరిధిలోకి రాదమ్మా. మ్యాటు రంగు చెప్పండి, ఇప్పుడే రాయిస్తాను."

కత్తెరచెవి రేకు మీద ఒకసారి అటూ ఇటూ జరిగింది. "నల్లది," అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం కొమురవ్వ చేనుగట్టు మీద కాపు కాసి దాన్ని పట్టుకుంది. కోపంతో ఊగిపోతోంది. ఆమె కోపం ఎప్పుడూ పళ్లెం చప్పుడు లాంటిదే, వినిపించినంత ప్రమాదం ఉండదు.

"నీకేమన్న బుద్ధున్నాదే? ఏదీ నచ్చలేదను, ఇంకో మూడు తెమ్మను, అవి గూడ నచ్చలేదను. నువ్వు చెప్పేదాక వాళ్లు తుపాకి ముట్టొద్దని రూలే ఉండె! నోరు మూసుకొని ఉంటే యాడాది గడిచేది గదనే."

"అంత మర్యాదగ అడిగితె ఎట్ల కాదంటనక్కా?" అంది కత్తెరచెవి. "లేసి నిలబడ్డరు. కుర్చీ ఏసిండ్రు. చాయ పోసిండ్రు. మా అమ్మను ఎవలన్న అడిగిండ్రా? ఉచ్చు పెట్టిండ్రు, అంతే."

"నేనడిగింది కంచె. తుపాకి గాదు."

"నాకెరికే అక్కా. నీ మీద నాకేం లేదు." అది చేను వైపు చూసింది. "ఈసారి నీ మక్క మంచిగ పాలు పట్టింది. పిల్లలకు ఇంకా గుట్ట మీద తవ్వుకొని తినుడు రాదు. గుట్టదిక్కు మూల ఉంది చూడు, ఆ మూల జరంత ఇడిచిపెట్టు."

"నా చేన్ల నీ పిల్లలకు వాటానా? పో పో!" అని కసిరింది కొమురవ్వ. కానీ ఆ మూలన కట్టిన చీర ముడి విప్పేసే ఇంటికి వెళ్లింది.

వేట తెల్లవారుజామున జరిగింది. పచ్చబండి ఎక్కడా ఆగలేదు, గుంత దగ్గర ఎడమకు తిరిగింది, వాలు ఎక్కింది. కత్తెరచెవి చెప్పిన చోటే ఉంది. చోటు మార్చుకోవచ్చు కదా అని తర్వాత ఊళ్లో ఒకరిద్దరు అనుకున్నారు. అక్కడే పడుకుంటామని తన నోటితో చెప్పింది, మాట తప్పడం దానికి చేతకాలేదు. ఒక్కటే చప్పుడు వినిపించింది. బండి తిరిగొచ్చేటప్పుడు కాళ్లు పొందికగా ముడిచి కట్టి ఉన్నాయి, కింద నల్ల మ్యాటు ఉంది. బండి ఎంపిక సంతృప్తికరమని ఫసియుద్దీన్ గారు పైకి రాశారు.

కొమురవ్వ గట్టు మీద నిలబడి ఏడ్చింది. తన మక్కలు మేసిన పంది కోసం ఏడవడమేమిటని తనకే సిగ్గేసింది, అయినా ఏడ్చింది. ఆ సాయంత్రం చారల పిల్లలు ఒకదాని వెనక ఒకటి వచ్చి మూలన దూరాయి. ఆమె సత్తుపళ్లెం తీసి, దాంట్లో అన్నం పెట్టుకుని తిని, కడిగి బోర్లించేసింది.

అక్కడితో అయిపోయేదే. కానీ పచ్చబండికి పేరొచ్చి పట్నం నుంచి వేటగాళ్లు వరసగా రాసాగారు, వాళ్లతో ఒక ఫిర్యాదు కూడా వచ్చింది. దారి లేని చోట ఆ బండికి తిరుగు లేదు. చిక్కల్లా దారి లేని చోటు మొదలయ్యేదాకా వెళ్లడానికి సరైన దారి లేకపోవడమే. తారురోడ్డు నుంచి గుట్ట దాకా ఉన్నది ఎడ్లబండ్ల బాట. కుదుపులకు నడుములు పట్టేస్తున్నాయని, రాళ్లెక్కే సరదా గుట్ట దగ్గరే మొదలవ్వాలి గానీ ముందే కాదని వేటగాళ్లు అన్నారు. సబబుగానే ఉంది. రోడ్డు మంజూరైంది. కొలిచి చూస్తే అది కొమురవ్వ చేను మధ్య నుంచి పోతుంది, రోడ్డు చివర బండ్లు తిప్పుకోవడానికి మిగతా చేను కావాలి.

ఈ పని అటవీశాఖది కాదు. అయినా సభ నడపడంలో మంచి చెయ్యి అని ఫసియుద్దీన్ గారికే అప్పగించారు. చేను పోయేది కొమురవ్వకు గనక, నిబంధన ప్రకారం కొమురవ్వనే అడగాలి.

ఆమె ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచి దారి పొడుగునా ఒకటే మాట నోట్లో తిప్పుకుంటూ వచ్చింది. వద్దు. ఎవరేమన్నా వద్దు. చాయ పోసినా తాగేది లేదు. పందిలాగా నేను కరగనని తనకు తాను గట్టిగా చెప్పుకుంది.

గేటు దాటగానే అందరూ లేచి నిలబడ్డారు.

కొమురవ్వ వెనక్కి తిరిగి చూసింది, తన వెనకాల ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారేమోనని. ఎవరూ లేరు. పింఛను కోసమో, రేషను కోసమో ఆ వాకిట్లో ఆమె ఎన్నో పొద్దులు గోడ నీడన నిలబడింది, కూర్చోమన్నవాళ్లు లేరు. ఇప్పుడు మడత కుర్చీ వేసి, పైన దుమ్ము తుడిచారు. నిలబడితే బాగుండదని కూర్చుంది. గాజుగ్లాసులో చాయ ఇచ్చారు. చేతిలో పెట్టాక పారబోయడం తప్పని తాగింది.

"అవ్వా, మీ అభిప్రాయమే మాకు ముఖ్యం. ఏ యంత్రంతో మొదలుపెట్టమంటారు?"

వాకిట్లో మట్టి తవ్వే ఇనుప పళ్ల యంత్రాలు మూడున్నాయి. ఒకటి బాగా పెద్దది, ఒకటి నడిమిది, ఒకటి చిన్నది.

"నాకు రోడ్డు వద్దు సారూ," అంది కొమురవ్వ. అనుకున్నంత గట్టిగా రాలేదు మాట.

ఫసియుద్దీన్ గారు ఓపికగా నవ్వుతూ నిలబడ్డారు. ఆయన ఏమంటారో ఆమెకు తెలుసు, విన్నదే. ఆమె యంత్రాల మధ్య ఖాళీల్లోకి ఒకసారి చూసింది. అందరూ ఆమె నోటి వంకే చూస్తున్నారు. అంతమంది తన మాట కోసం ఎదురుచూడటం ఆమె బతుకులో అదే మొదలు. ఆ ఎదురుచూపు నిమిష నిమిషానికీ బరువెక్కింది, బాకీ పడ్డట్టు అనిపించింది.

"ఆ పెద్దది తేకుండ్రి," అంది చివరికి. "దాని పండ్లు సూడుండ్రి, ఎట్లున్నయో. పక్కన ఎల్లయ్య చేని ఒడ్డు కూలుతది. చిన్నదే తెండ్రి."

"చాలా మంచి మాట చెప్పారవ్వా! ఈ సంగతి మాకెవరికీ తట్టలేదు."

కొమురవ్వ ముఖం కొంచెం విచ్చుకుంది. కుర్చీలో కాస్త ముందుకు జరిగింది. "ఇంకోటి సారూ. గుట్టదిక్కు మూల ఒకటుంది. దాన్ని అన్నిటికంటె ఆఖర్న తియ్యుండ్రి."

"తప్పకుండా అవ్వా. ఆ మూల ఆఖరికే తీస్తాం. రాయిస్తాను."

చప్పట్లు కొట్టారు. కొమురవ్వ ఎటు చూడాలో తెలియక కొంగు సర్దుకుంది. ఊరికే పోలేదు, ఎంతో కొంత సాధించుకునే వస్తున్నాననిపించింది ఆమెకు. ఆ అనిపించడం నిజం, అందులో వెటకారం ఏమీ లేదు.

తర్వాత సభ ఎల్లయ్యదని, భోజనాలయ్యాక ఉంటుందని ఎవరో అన్నారు. రోడ్డు మలుపు తిరిగే చోట ఆయన ఇల్లు అడ్డంగా ఉంది. కొమురవ్వ లేచి చూసేసరికి ఎండ వాకిలంతా పరుచుకుని కుర్చీ రేకు కాలుతోంది. పాపం ముసలాయన అసలే నడుం నొప్పి మనిషి, కాలే కుర్చీలో ఎలా కూర్చుంటాడనుకుంది. కుర్చీ మడిచి నీడకు తీసుకుపోయింది. అక్కడ గోడ మీద, కడిగిన నల్ల మ్యాటు ఆరేసి ఉంది. దాని పక్కనే కుర్చీని ఆనించి, పడిపోకుండా ఒక రాయి అడ్డం పెట్టి, ఇంటిదారి పట్టింది.