ముక్కు పనిచేసిన సాయంత్రం

మన ఊరి అధికారుల ముక్కులు బాగుపడాలంటే వీధికొక వైన్ టేస్టింగ్ పెట్టించాలి! నవ్వకండి. ఇది మైకంలో రాస్తున్నది కాదు. ఆవకాయ అన్నం తిని, మజ్జిగ తాగి, నిండు తెలివితో రాస్తున్నాను.

వైన్ టేస్టింగ్ అంటే తెలియని అమాయకులు ఇంకా మిగిలి ఉంటే వారికోసం ఒక మాట. దాన్ని తాగుడు అనకూడదు. తాగేవాళ్ళు ఉప్పల్ చౌరస్తాలో షాపు పక్కన నిలబడి, ప్లాస్టిక్ గ్లాసులో పోసుకుని, ఉడికించిన శనగలు నములుతూ తాగుతారు. వాళ్ళని పోలీసులు ఆపుతారు, పెళ్ళాలు తిడతారు. అదే సరుకుని కాడ ఉన్న గాజు గ్లాసులో చెంచాడు పోసుకుని, గుండ్రంగా తిప్పి, కళ్ళు మూసుకుని వాసన చూశారనుకోండి, అది సంస్కృతి! దానికి ఇన్విటేషన్ ఉంటుంది. ఇంటి ఇల్లాలు కూడా మంచి చీర కట్టుకుని వెంట వస్తుంది. ఇంతకు మించిన కుటుంబ సంక్షేమ పథకం ఏ ప్రభుత్వమైనా పెట్టిందా?

ఈ భాగ్యం ఈమధ్య పాండురంగకి దక్కింది.

పాండురంగ ఒక సర్కారు ల్యాబులో టెక్నికల్ ఆఫీసరు. ఉప్పల్ బస్సు డిపో వెనక కాలనీలో సొంతిల్లు. మందు ముట్టడు. సిగరెట్టు పొగకే దగ్గుతాడు. అలాంటి మనిషి వైన్ టేస్టింగుకి ఎందుకు వెళ్ళాడంటే, నీళ్ళకోసం వెళ్ళాడు.

వాళ్ళ వీధిలో నల్లా విప్పితే ముందు వాసన వస్తుంది, ఆ తర్వాత తీరిగ్గా నీళ్ళు వస్తాయి. ఆ నీళ్ళు పచ్చగా ఉంటాయి. పాండురంగ ఫిల్టరు పెట్టించాడు. కొన్నాళ్ళకి ఫిల్టరు చేతులెత్తేసింది. ఇంటర్ చదివే కూతురు ప్రజ్ఞకి కామెర్లు వచ్చాయి. కళ్ళు పసుపు ముద్దలయ్యాయి. పరీక్షలు పోయాయి. దవాఖానాలో డాక్టరు నాలుక చూడకముందే అడిగిన ప్రశ్న, “మీ ఇంట్ల ఏం నీళ్ళు తాగుతరు?” అని. ఇప్పుడు క్యాన్లు కొని తాగుతున్నారు. కానీ ఆ వీధిలో క్యాన్లు కొనలేని ఇళ్ళే ఎక్కువ, పక్కింటి చిన్నవాడికి కూడా కళ్ళు పచ్చబడుతున్నాయి.

ఈ పైపుల వ్యవహారం చూసే అధికారి నరేందర్ సారు. ఏ ఆఫీసో నేను చెప్పను. చెబితే మా ఇంటికి వచ్చే ఆ కాసిని నీళ్ళు కూడా రావు! సారు ఒకసారి వీధికి దయచేశారు. నల్లాకి గజం దూరంలో నిటారుగా నిలబడి, “నాకేం వాసన వస్తలేదే?” అన్నారు. వీధి వీధంతా ముక్కులు మూసుకుని ఆ మాట విన్నది. పాండురంగ ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. “అది ప్లాస్టిక్ వాసన. గాజు సీసాల తెండ్రి” అన్నారు సారు. గాజు సీసాలో పట్టుకెళితే సారు మీటింగులో ఉన్నారు. మళ్ళీ వెళితే క్యాంపులో ఉన్నారు. దున్నపోతు మీద వాన కురిసినట్టే!

పాండురంగకి కావలసింది ఒక్కటే. నరేందర్ సారు ఆ నీళ్ళ వాసన చూడాలి. చూసి, “ఉన్నది” అని తన నోటితో తాను అనాలి. ఆయన ఆ మాట అంటే తప్ప రోడ్డు తవ్వరు, పైపు మార్చరు.

సరిగ్గా అప్పుడే తేజేష్ ఫోను చేశాడు. ఛాయాదేవికి, అంటే పాండురంగ భార్యకి, పిన్ని కొడుకు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి భార్య అమూల్యతో కలిసి వైన్ తయారీలో దిగాడు. నాచారంలో ఒకప్పుడు బోల్టులు చేసిన షెడ్డుని అద్దెకు తీసుకుని, గోడలకి ఇటుక రంగు వేయించి, దానికి టేస్టింగ్ రూమ్ అని పేరు పెట్టాడు. “బావా, తప్పక రావాలె. పెద్ద పెద్దోళ్ళు వస్తున్నరు. నరేందర్ సారు సుత వస్తున్నడు. ఆయన ముక్కు మామూలు ముక్కు గాదు బావా, మస్తు ఫేమస్!”

పాండురంగ ముందు నమ్మలేదు. మన నరేందర్ సారేనా? ఆయనేనట! షెడ్డుకి నల్లా కనెక్షను ఇట్టే వచ్చింది కూడా ఆయన చలవేనట.

ఆ తర్వాత ఫోనుకి నియమాలు వచ్చాయి. సెంటు పూసుకుని రాకూడదు. మల్లెపూలు పెట్టుకోకూడదు. ఉల్లిపాయ తిని రాకూడదు. ముఖ్య అతిథి ముక్కుకి అంతరాయం కలుగుతుందట. ఛాయాదేవికి ఒళ్ళు మండింది. “అగో! ముక్కును గంత పానంగ సూసుకునే సారు, మన నల్లా కాడికి వచ్చినప్పుడు దాన్ని ఇంట్ల వెట్టి వచ్చిండా?” అంది. ప్రజ్ఞని వదిలి తాను రానంది. పొద్దున్నే నల్లా నీళ్ళు ఒక ఆకుపచ్చ గాజు సీసాలో పట్టి, బిరడా బిగించి, పేపరు చుట్టి మొగుడి చేతిలో పెట్టింది. “సారును ఒక మూలకు పిలిచి మూత తీయి. కాళ్ళు మొక్కుతవో, గల్ల పడతవో నాకు తెల్వదు. వాసన సూపించి రా” అని చెప్పి పంపింది.

సీసా చంకలో పెట్టుకుని షేర్ ఆటో ఎక్కేసరికి కాలనీ శ్యామలమ్మ చూడనే చూసింది. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. చంకలో సీసా పెట్టుకుని నల్లా నీళ్ళంటే ఎవరు నమ్ముతారు? పాండురంగ తల దించుకుని నాచారం చేరాడు.

గుమ్మంలోనే ముంచుకొచ్చింది ప్రమాదం. అమూల్య ఎదురొచ్చి, “అయ్యో అన్నయ్యా, గివన్ని ఎందుకు తెచ్చిన్రు!” అంటూ చేతిలోని సీసా అందుకుని చక్కా లోపలికి పోయింది. పాఠకులకి తెలియంది కాదు. మన ఇళ్ళల్లో చుట్టం చేతిలో ఏది కనపడినా ఇంటావిడ అందుకోవలసిందే. చుట్టం ముందు పొట్లం విప్పి చూడకూడదు. ఇచ్చింది ఇటు తెమ్మని అడగనూ కూడదు. అడగగలిగిన మొనగాడు మన కుటుంబాల్లో ఇంకా పుట్టలేదు. పాండురంగ నోరు తెరిచాడు, మర్యాద అడ్డొచ్చింది, మూసుకున్నాడు.

లోపల పాతికమంది పెద్దమనుషులు. కిటికీలన్నీ బిగించేశారు. ఫ్యాక్టరీల పొగ నిండిన నాచారం గాలి తగిలితే వైన్ సువాసన చెడిపోతుందట! అదే గాలి ఊపిరితిత్తులకి తగిలితే ఏం కాదు కాబోలు.

మధ్యలో నరేందర్ సారు. నార చొక్కా, మెడలో చిన్న కండువా. సీసాలన్నిటికీ నల్లగుడ్డ ముసుగులు వేసి వరసగా నిలబెట్టారు. పేరు తెలియకుండా రుచి చెప్పాలట. దాన్ని బ్లైండ్ టేస్టింగ్ అంటారు. తేజేష్ ఒక్కో గ్లాసులో చెంచాడు పోసి ఆ చెంచాడు గురించి చెంబెడు ఉపన్యాసం ఇస్తున్నాడు. ఒకాయన వాసన చూసి “వానకు తడిసిన తోలు సంచి” అన్నాడు. ఒకావిడ “మా నానమ్మ ట్రంకు పెట్టె!” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పాండురంగని అడిగారు. అతను బాగా ఆలోచించి, “ద్రాక్షపండ్ల వాసన” అన్నాడు. అందరూ అతని వంక జాలిగా చూశారు.

ఇక నరేందర్ సారు ముక్కు! అబ్బబ్బ, ఏం ముక్కండీ అది! ఒక గ్లాసులో కుంకుడుకాయ పట్టింది. ఇంకో గ్లాసులో గోదాములో మగ్గిన గోనెసంచి పట్టింది. మూడో గ్లాసులో కాగితంపూలు పట్టింది. కాగితంపూలకి వాసనే లేదనుకుంటున్నారా? అది మన ముక్కుల దరిద్రం! పాండురంగ నోరెళ్ళబెట్టి చూస్తున్నాడు. లేని వాసన ఇంత చక్కగా పట్టే మనిషి, ఉన్న వాసనని గజం దూరంలో ఎలా వదిలేశాడు?

పక్కనే ఒక స్టీలు బకెట్ ఉంది. చేతులు కడుక్కోవడానికేమో అనుకున్నాడు. కాదట. పండితులు మింగరు. నోట్లో పోసుకుని, అటూ ఇటూ తిప్పి, అందులో ఉమ్మేస్తారు. రుచి తెలిస్తే చాలు, ఒంట్లోకి పోకూడదు. ఎంత ముందుచూపు!

“ఆఖరిది సర్‌ప్రైజ్” అన్నాడు తేజేష్, ముసుగు వేసిన ఇంకో సీసా ఎత్తి. “లేబుల్ లేదు. మా చుట్టాల ఇంట్ల తయారైంది.”

ముసుగు కింద ఆకుపచ్చ మెడ కనపడింది. పాండురంగ దిగ్గున లేచి, “తేజేషూ, అది నాది...” అన్నాడు.

“నీదే అని తెలుసు బావా. చెప్పకు! బ్లైండ్ టేస్టింగ్!”

పెద్దాయన రుచి చూడందే మిగిలినవాళ్ళు ముట్టరు. మన పంక్తి భోజనాల మర్యాద ఇక్కడ కూడా ఉంది, ఆ మేరకు సంతోషం. గ్లాసు నరేందర్ సారు చేతికి వెళ్ళింది. ఆయన దీపానికి ఎత్తి చూశాడు. “లేత గడ్డి రంగు. అడుగున మడ్డి సుత ఉన్నది. అన్‌ఫిల్టర్డ్! నాచురల్ వైన్ అంటే గిట్లుండాలె!”

తర్వాత ముక్కు గ్లాసులోకి దిగింది.

పాండురంగ ఒక అడుగు ముందుకేసి ఆగాడు. ఆపాలా? ఇన్ని నెలలు తిరిగి తిరిగి చెప్పులరిగినా ఆ ముక్కు ఆ నీళ్ళ దగ్గరికి రాలేదు. ఇవాళ తనంతట తాను వచ్చింది. దేవుడా, ఆ ముక్కుని ఒక్క క్షణం అక్కడే ఉండనీ అనుకున్నాడు.

“పాత ఇనుము” అన్నాడు సారు కళ్ళు మూసుకుని. “తుప్పు పట్టిన పైపు. దానెనుక తడి మట్టి. దానెనుక... ఆగుండ్రి, ఆగుండ్రి...” గ్లాసు పెదాల దగ్గరికి వెళ్ళింది.

“సార్! నోట్ల పోసుకోకుండ్రి!” పాండురంగ అరిచాడు.

“బావా, ఊకో!” తేజేష్ కసిరాడు. అప్పటికే గుక్క నోట్లోకి వెళ్ళింది. సారు బుగ్గలు ఒక తిప్పు తిరిగాయి. మొహం వంకర పోయింది. బకెట్టులోకి భళ్ళున ఉమ్మాడు. అయినా పాండిత్యం ఊరుకుంటుందా! కండువాతో మూతి తుడుచుకుని, చూపుడువేలు ఎత్తాడు.

“డ్రైనేజీ! తేజేష్, ఇది ఎవరి తోటదో గాని, ఆ తోటకు వచ్చే నీళ్ళ లైను పగిలింది. దాని పక్కపొంటి డ్రైనేజీ లైను పోతున్నది. రెండు కలుస్తున్నయ్. నా సర్వీసంతా గిదే పని, నా ముక్కు తప్పు చెప్పది. ముందుగాల ఆ పైపు మార్పియ్యమను. గీ నీళ్ళు చెట్లకు సుత పెట్టద్దు!”

చప్పట్లు! ఒకాయన ఈల కూడా వేశాడు. వైన్ వాసన చూసి భూమిలో పైపు పగిలిన సంగతి చెప్పడమంటే మాటలా?

పాండురంగ ముందుకొచ్చాడు. “తోట గాదు సార్. వైన్ సుత గాదు. మా వీధి నల్లా నీళ్ళు. డిపో ఎనుక కాలనీ. మీరు అడిగినట్టే గాజు సీసాల తెచ్చిన. చెట్లకు పెట్టద్దన్నరు గద, మేం మా పిల్లకు తాపినం సార్.”

అమూల్య చేతిలో ట్రే అలాగే ఉండిపోయింది. అందరూ నరేందర్ సారు వైపు చూస్తున్నారు.

సారు కాసేపు గ్లాసు వంక చూశాడు. మళ్ళీ ముక్కు పెట్టాడు. ఈసారి చాలాసేపు పెట్టాడు. తల ఎత్తి, ఆఫీసు గొంతుతో అన్నాడు.

“ఏది? నాకేం వాసన వస్తలేదే? ఇందాక గ్లాసు సరిగ్గ కడగలేదు గావచ్చు.”

చూశారా ఆ ముక్కు క్రమశిక్షణ! డ్యూటీ గుర్తుకు రాగానే దానంతట అదే మూసుకుంది!

పాండురంగ ఆకుపచ్చ సీసా తీసుకుని ఆ గ్లాసుని అంచుదాకా నింపాడు. చెంచాడు కాదు, నిండా. పట్టుకుని సారు ముందుకి చాచాడు.

“వాసన లేదంటే మంచినీళ్ళే గద సార్. తాగుండ్రి. మా పిల్ల లెక్క మింగుండ్రి.”

“బావా, కూసో. జర మర్యాద...” అన్నాడు తేజేష్.

“మర్యాదకే గుమ్మం కాడ నోరు మూసుకున్న” అన్నాడు పాండురంగ. చెయ్యి దించలేదు. నరేందర్ సారు చెయ్యి చాచలేదు. నీళ్ళు నమిలాడు, అదీ ఉత్త నోటితోనే. చివరికి, డ్యూటీలో లేనని, మూత విప్పిన సీసా శాంపిల్ కింద చెల్లదని చెప్పి, మూడు మినరల్ వాటర్ సీసాలతో నోరు పుక్కిలించుకుని కారెక్కాడు.

ఆ పైపు ఇంకా అలాగే ఉంది. అయినా నేను నా మాట మీదే నిలబడుతున్నాను. వైన్ టేస్టింగ్ మహాభాగ్యం! అది లేకపోతే మా అధికారుల ముక్కులు దివ్యంగా పనిచేస్తాయని, ఎప్పుడు పనిచెయ్యాలో ఎప్పుడు మానెయ్యాలో వాటికి బాగా తెలుసని మాకెలా తెలిసేది?

సర్కారు వారికి ఒక్క మనవి. పైపు మార్చమని అడిగేంత దురాశ ఆ వీధివాళ్ళకి ఇప్పుడు లేదు. ఇంటికొక స్టీలు బకెట్ ఇప్పించండి చాలు. పెద్దలు ఉమ్మేసే నీళ్ళని పిల్లలు కూడా ఉమ్మేసి బతుకుతారు.