మొహమాటానికి పెట్టిన ఛార్జింగ్

శనివారం పొద్దున మోహన్ వేసుకున్న ప్లాను చాలా సులువైనది. కారు ఛార్జ్ చేసి, మధ్యాహ్నం శాన్ రామన్‌లో బయల్దేరి, సాయంత్రానికి శాక్రమెంటోలో భార్య వసుమతి వీణ కచేరీకి చేరుకోవాలి. అది ఆమె మొదటి కచేరీ. మోహన్‌ది వెబ్ సర్వీసులు నడిపే ఉద్యోగం. ఆ ఆఫీసు ఫోను ఇదివరకు పెళ్లిరోజుల్ని కూడా మింగేసింది కనక, వసుమతి దాన్ని జంతికల డబ్బాలో పెట్టి మూత బిగించింది. మోహనూ సరేనన్నాడు. సర్వీసులో కొత్త మార్పేదో నిన్న సాయంత్రమే పెట్టేశాడు, ఇక పడిపోయేదేముంది?

అంతలో ఆ ఊళ్లోనే ఉండే హరనాథ్ అంకుల్ మాగాయ గిన్నెతో కారు దిగాడు. కరెంటు కంపెనీలో ఇంజనీరుగా రిటైరైన ఆయనకు ప్రతి ప్లగ్గు మీదా ఒక అభిప్రాయముంది.

"మీ కారు కూడా కాస్త ఛార్జ్ పెట్టుకోండి అంకుల్," అన్నాడు మోహన్, కాఫీ తాగండి అన్నంత తేలిగ్గా. మొహమాటానికి పోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఛార్జర్‌కి అంకుల్ తన కారు పెట్టుకున్నాడు. పైగా స్పీడు తగ్గించాడు. "ఫాస్ట్ ఛార్జింగ్‌తో బ్యాటరీకి అజీర్తి చేస్తుందోయ్. నిదానంగా ఎక్కాలి."

"మరి మన కారు?" వంటింట్లో వసుమతి గొంతు తగ్గించి అడిగింది.

"తీసెయ్యమని ఎలా చెప్పను? బాగుండదు."

అంకుల్ భోజనం చేశాడు, కునుకు తీశాడు. చివరికి ఆయన కారు నిండింది గానీ కేబుల్ ఊడి రాలేదు. దొంగలు ఎత్తుకుపోతారని మోహన్ దానికి తాళం పెట్టించాడు. ఛార్జర్ యాప్‌లో లాగిన్ అయితే గానీ ఆ తాళం వదలదు. యాపేమో లాగిన్ కానంటోంది.

"ప్లగ్గు పీకడానికి కూడా ఇంటర్నెట్టా?" అని అంకుల్ నిట్టూర్చాడు.

బయట ఎక్కడైనా ఛార్జ్ చేద్దామంటే అక్కడా లాగిన్ అవ్వలేదు. క్యాబ్ యాప్‌దీ అదే పాట. పట్టుచీర కట్టుకున్న వసుమతి వీణ పక్కన కూలబడింది. "ఏడాది ప్రాక్టీస్ చేశాను మోహన్," అంటుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మోహన్ తన సొంత ఫోనులో మళ్లీ లాగిన్ నొక్కి పళ్లు కొరికాడు.

"ఈ లాగిన్ సర్వీస్ ఏ దద్దమ్మ రాశాడో, దొరకనీ చెప్తా."

"పోనీ నా గిన్నె ఇచ్చెయ్యమ్మాయ్, నడిచి వెళ్లిపోతాను," అన్నాడు అంకుల్ గరాజ్‌లోంచి, కేబుల్ లాగుతూనే.

ఎంత ఏడుపులో ఉన్నా ఖాళీ గిన్నె ఎలా ఇస్తుంది? వసుమతి జంతికల డబ్బా మూత తీసింది. లోపల ఫోను గిలగిలా కొట్టుకుంటోంది. తీసి మోహన్ చేతిలో పెట్టింది.

"మోహన్ గారూ, పొద్దున్నుంచీ కాల్ చేస్తున్నా," అంది ఆఫీసులో జూనియర్ రష్మి. "నిన్న మీరు పెట్టిన మార్పుతో లాగిన్ సర్వీస్ పడిపోయింది. మన లాగిన్ వాడే యాప్‌లన్నీ డౌన్. ఆ ఛార్జర్ల కంపెనీ వాళ్లయితే తిట్టిపోస్తున్నారు."

పక్కనే నిలబడ్డ వసుమతి అంతా విన్నది. మోహన్ తలెత్తకుండా లాప్‌టాప్ తెరిచి తన మార్పు తనే తీసేశాడు. గరాజ్‌లో కేబుల్ టక్కున ఊడింది.

ఛార్జ్ ఉన్నది అంకుల్ కారులోనే కనక అందరూ అందులోనే బయల్దేరారు. కచేరీ వేళకి సరిగ్గా చేరుకున్నారు, అది బ్రహ్మాండంగా జరిగింది. వసుమతి స్టేజి మీద అంకుల్‌కి థాంక్స్ చెప్పింది. మోహన్ చప్పట్లు కొట్టాడు.

తిరుగు దారిలో అంకుల్‌కి గుర్తొచ్చింది. "ఇంతకీ ఆ సర్వీస్ రాసినవాడు దొరికాడా?"

వెనక సీట్లో వీణ పట్టుకుని కూర్చున్న మోహన్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"దొరికాడు అంకుల్," అంది వసుమతి జంతిక కొరుకుతూ. "రేపట్నుంచి నెలంతా మా ఇంట్లో వంట చేస్తున్నాడు."