నలభై నిమిషాల బిరుదులు

సభల్లో పెద్దల పేర్లూ బిరుదులూ చదవడానికి నలభై నిమిషాలు పట్టడం మన జాతి చేసుకున్న పుణ్యం. కాదనేవాళ్లుంటే ఈ పత్రిక ఇక్కడే మడిచి నిప్పుల మీద కాల్చిన సుయా మాంసం పొట్లం కట్టుకోవచ్చు. ఎలాగూ సగం మంది అందుకే కొంటారు.

కాస్త నిదానంగా ఆలోచించండి. ఆ నలభై నిమిషాల్లో ఎంత మంచి జరుగుతుంది! ఆలస్యంగా వచ్చే మంత్రి ఆలస్యంగా వచ్చినట్టు కనపడడు. చంటిపిల్లలు నిద్రపోతారు. ప్రసంగం ఇంట్లో మరిచిపోయిన వక్త డ్రైవర్‌ని పంపి తెప్పించుకోవచ్చు. పేర్లు ముగిసేసరికి జనరేటర్‌లో డీజిల్ అయిపోతుంది కాబట్టి ప్రసంగమే ఉండదు. ప్రసంగం లేకపోతే అబద్ధాలుండవు. ఇంతకన్నా చవకైన అవినీతి నిరోధక చర్య మీ దగ్గర ఏదైనా ఉందా?

కొందరు కుర్రవక్తలు మైకు పట్టుకోగానే "మర్యాదలన్నీ జరిగినట్టే అనుకోండి" అనేసి నేరుగా విషయంలోకి దూకుతారు. అలాంటివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. భోజనం పెట్టకుండా తిన్నట్టే అనుకోండి అంటే వీళ్లు ఊరుకుంటారా?

నాకు ఎందుకింత మంట అంటారా? ఆ పేర్ల లిస్టు తయారుచేసి చదివేది నేనే కాబట్టి. నా పేరు ఇనలెగు. మా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఇరవై రెండేళ్లుగా ప్రోటోకాల్ ఆఫీసర్‌ని. ఎవరి పేరు ముందు రావాలో, ఎవరిది వెనక రావాలో, ఏ చీఫ్ ఏ చీఫ్ పక్కన కూర్చుంటే కొట్టుకుంటారో నాకు తెలిసినంతగా ఈ నైజీరియాలో ఇంకెవరికీ తెలియదు. వేరే విద్య నాకు రాదు.

ఆ లిస్టే ఈ ఏడాది స్నాతకోత్సవంలో మూడు వందల మంది ప్రాణాలు కాపాడింది. నవ్వకండి. కళ్లారా చూసి చెబుతున్నాను. అయితే ఆ సంగతికి ముందు మా వైస్ చాన్సలర్ అన్యెబే గారి సంగతి చెప్పాలి. హోదా ప్రకారం ఆయన ముందు, ప్రాణాలు తర్వాత.

నాకు మొదట తెలిసినప్పుడు ఆయన ఉత్త మిస్టర్ ఒవోయిచో అన్యెబే. భూగర్భశాస్త్రం లెక్చరర్. చేతిలో రాళ్లు కొట్టే సుత్తి, కాళ్లకు దుమ్ము. భూమి లోపలి పగుళ్ల మీద పుస్తకం రాశాడు. ఒక సదస్సులో ఎవరో ఇరవై నిమిషాలుగా పెద్దల పేర్లు చదువుతుంటే వెనక బెంచీలోంచి లేచాడు.

"అయ్యా, ఈ పేర్లయ్యాక పాఠమేమైనా ఉందా, ఇంటికి పొమ్మంటారా?"

హాలంతా గొల్లుమంది. ఆ ఒక్క మాట ఆయన్ని రాజకీయాల్లోకి మోసుకుపోయింది. మా ఇడోమా తెగ జనానికి నోరున్న మనిషి దొరికితే వదలరు. స్థానిక కౌన్సిల్ చైర్మన్ని చేశారు. పేరు ముందు 'గౌరవనీయులు' చేరింది. శాసనసభకు పంపారు, ఇంకొకటి చేరింది. విద్యాశాఖ అప్పగించారు, రెండు చేరాయి. ఏడు ఊళ్ల పెద్దలు చీఫ్ బిరుదులిచ్చి ఏడు టోపీలు పెట్టారు. చివరికి మా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలరై వచ్చేసరికి ఆయన పేరును ఒక్క ఊపిరిలో చదవడం నాకే కష్టమైంది.

వచ్చిన మొదటి రోజే నన్ను పిలిచాడు.

"ఇనలెగు, ఆ బిరుదుల గోల నాకొద్దు. అన్యెబే గారూ అను, చాలు. ఇక్కడ పని జరగాలి."

"అలాగే సర్."

మర్నాటి సమావేశంలో అలాగే అన్నాను. "అన్యెబే గారూ" అన్నాను. ఆయన ముఖంలో నవ్వు అర సెకను పాటు ఆగిపోయి మళ్లీ వచ్చింది. ఇంకెవరూ గమనించలేదు. నేను గమనించాను. నేను జీతం తీసుకునేది ఆ అర సెకనును గమనించడానికే.

తర్వాతి సమావేశంలో బిరుదులన్నీ చదివాను. "ఎందుకయ్యా ఇవన్నీ" అన్నాడు, కడుపు నిండినవాడు ఇంకో ముద్ద వద్దన్నట్టు. ఆ నెల నుంచి నెలకొకటి చొప్పున చేరుస్తూ వచ్చాను. ఆయన మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు. ఏడాది తిరిగేసరికి ఎవరైనా ఒకటి తప్పితే తానే అందించేవాడు.

అధికారం ఆయన్ని పాడుచేసిందని ఈ మధ్య పత్రికలన్నీ రాశాయి. చదివి నా మనసు చివుక్కుమంది. పాడుచేసింది నేను. రాత్రీ పగలూ కష్టపడింది నేనైతే పేరు అధికారానికి పోయింది.

ఇప్పుడు బాల్కనీ దగ్గరికి వద్దాం.

మా స్నాతకోత్సవ హాలుకు పైన ఒక బాల్కనీ ఉండేది. మూడు వందల సీట్లు. దాని కింది దూలం పగిలిందని కనిపెట్టింది మా భవనాల శాఖ ఇంజినీరు ఎనే. మనిషి చిన్నది, గొంతు పెద్దది. విషయం చెప్పడానికి పాలకమండలి సమావేశంలో లేచి నిలబడింది. మా సమావేశాల్లో ఎవరికైనా మాట్లాడే సమయం ఐదు నిమిషాలు. సంబోధన పూర్తిగా ఉండాలి. రెండు నిబంధనలూ నావే. వీసీ గారి పేరు ఒక్కటే రెండున్నర నిమిషాలు. మిగతా సభ్యుల బిరుదులు అయ్యేసరికి నేను గంట కొట్టాను. గంట కూడా నా దగ్గరే ఉంటుంది.

తర్వాతి సమావేశంలో ఆమె తెలివిగా అడ్డదారి పట్టింది.

"మర్యాదలన్నీ జరిగినట్టే అనుకోండి. మన పెద్ద హాల్లో బాల్కనీ..."

అన్యెబే గారు చెయ్యెత్తాడు.

"ఆగమ్మా. ఎవరి మర్యాదలు జరిగాయి? నాకేమీ వినపడలేదే."

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే, అదీ నా ఉద్యోగంలో భాగమే. ఆమె మొదటి నుంచి మొదలుపెట్టింది. నేను గంట కొట్టాను.

బయటికి రాగానే నా దారికి అడ్డం నిలబడింది.

"అన్నా, ఆ పగులులో నా చెయ్యి పడుతోంది. జనాన్ని ఎక్కిస్తే అది ఆగదు. ఆయన నీ మాట వింటాడు కదా, నువ్వైనా చెప్పు."

"మంచి సమయం చూసి చెవిన వేస్తానమ్మా."

"ఎప్పుడు?"

"స్నాతకోత్సవం అయిపోనీ."

ఈ మాట అన్నది నేనే. ఇప్పుడు రాస్తుంటే ఎవరో అన్నట్టు ఉంది. ఎనే అంతా కాగితం మీద రాసి ఇచ్చి వెళ్లిపోయింది. కాగితాన్ని ఫైల్లో పెట్టాను. ఫైలు మీద వీసీ గారి బిరుదులు ఒక్క అక్షరం తప్పు లేకుండా రాశాను.

స్నాతకోత్సవం రోజు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి ఎవరి కారు ఎక్కడ ఆగాలో చూస్తున్నాను. ఒక పెద్దాయన వచ్చాడు. ఎర్ర నలుపు చారల టోపీ, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. ఒక్పొగా అవతలి పల్లె నుంచి తెల్లారేసరికే బస్సెక్కాడట.

"బాబూ, మా అమ్మాయి పట్టా తీసుకుంటోంది. దాని పేరు ఎప్పుడు పిలుస్తారు?"

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మా స్నాతకోత్సవంలో విద్యార్థుల పేర్లు పిలవం. వాళ్లంతా ఒకేసారి లేస్తారు, వీసీ గారు ఒక వాక్యం అంటారు, పట్టభద్రులై కూర్చుంటారు. ఒక్కొక్కరి పేరూ చదవాలంటే సమయం ఎక్కడిది? పేర్లు చదవడానికే సరిపోతుంది కదా!

అది ఆయనకు చెప్పొచ్చు. కానీ వెనక మూడు కార్లు హారన్ కొడుతున్నాయి.

"చివర్లో పిలుస్తారు పెద్దాయనా."

"చివర్లోనా. నాకు చెవి కాస్త మందం. దాటిపోతుందేమో."

"పైన బాల్కనీలో కూర్చోండి. స్పీకర్ పక్కనే ఉంటుంది, బాగా వినపడుతుంది."

మెట్లెటున్నాయో కూడా నేనే చూపించాను.

సభ మొదలైంది. గవర్నర్ గారు స్వయంగా వచ్చి కూర్చున్నారు. గవర్నరంటే మాకు రాష్ట్రం మొత్తం ఆయన చేతిలోనే. ఆయన పేరు రెండు నిమిషాలు. తర్వాత అన్యెబే గారి పేరు. ఆ వారమే ఆయనకు రెండు కొత్త బిరుదులు వచ్చాయి, వాటితో కలిపి నాలుగు నిమిషాలు. మూడో నిమిషంలో గవర్నర్ గారి సహాయకుడు చేతి గడియారం చూసుకోవడం నా కంట పడింది. అప్పటికి నేను మధ్యలో ఉన్నాను. బిరుదుల్లో మధ్యలో ఆగడం ఎవరివల్లా కాదు.

ఈలోగా బాల్కనీ ఖాళీ అయింది. అక్కడ కూర్చున్న మా విద్యార్థులకు నా సంగతి తెలుసు. గవర్నర్ పేరు మొదలుకాగానే మూడు వందల మందీ గౌన్లు ఎత్తిపట్టుకుని మెట్లు దిగి సుయా బండ్ల దగ్గరికి పోయారు. నలభై నిమిషాలదాకా రారు. నా లిస్టు ప్రాణాలు కాపాడిందంటే నవ్వారే, ఇప్పుడేమంటారు?

పైన మిగిలింది పెద్దాయనొక్కడే. ప్రతి పేరుకూ లేచి నిలబడి, టోపీ తీసి, చప్పట్లు కొట్టి కూర్చుంటున్నాడు. ఇరవై రెండేళ్లలో నా లిస్టును మొదటి నుంచీ విన్న మనిషిని అప్పుడే చూడటం.

ఎక్కడో పెచ్చు ఊడిపడింది. తలెత్తి చూశాను. దూలం నిలువునా నోరు తెరుస్తోంది. మైకు నా చేతిలోనే ఉంది. 'పెద్దాయనా, దిగండి' అంటే సరిపోయేది. కానీ గవర్నర్ గారి ఎదుట లిస్టులో లేని మాట అనాలంటే ముందు అనుమతి అడగాలి. నోరు తెరిచాను. ఇరవై రెండేళ్ల అలవాటు బయటికొచ్చింది.

"మహాఘనత వహించిన గవర్నర్ గారి అనుమతితో, గౌరవనీయులైన..."

నేను నాలుగో పేరులో ఉండగా బాల్కనీ కూలింది.

పెద్దాయన ప్రాణం దక్కింది. తుంటి ఎముక విరిగింది. ఇంకెవరికీ గీత కూడా పడలేదు.

మర్నాడు మధ్యాహ్నం రేడియో వార్తల్లో చెప్పారు, అన్యెబే గారిని తక్షణం పదవి నుంచి తొలగించారని. ఆయన కూడా రేడియోలోనే విన్నాడు. మా దగ్గర ఎవరి ఉద్యోగం పోయినా ముందు ఊరికి తెలుస్తుంది. కారణం ఏం చెప్పారనుకున్నారు? సభా మర్యాదలు ఉల్లంఘించి, గవర్నర్ పేరుకన్నా తన పేరు రెండు నిమిషాలు ఎక్కువ చదివించుకుని, గవర్నర్ హోదాను కించపరిచినందుకు! బాల్కనీ అన్న మాటే లేదు. బాల్కనీ మీద వేరే విచారణ సంఘం వేశారు. దానికి కార్యదర్శిని నేనే. మొదటి సమావేశం అయింది. సంబోధనలు బాగా జరిగాయి.

మూడో రోజు అన్యెబే గారి ఇంటికి వెళ్లాను. మొన్నటిదాకా పన్నెండు కార్లు ఆగిన వాకిట్లో ఒక మేక పడుకుని ఉంది. ఆయనే వచ్చి గేటు తీశాడు. నేను అలవాటుగా మొదలుపెట్టబోతే చేత్తో ఆపాడు.

"బాల్కనీ పగిలిందని నీకు ముందే తెలుసా?"

"తెలుసు సర్. ఎనే చెప్పింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాలంటే ముందు మిమ్మల్ని సంబోధించాలి కదా సర్."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. అరుగు మీద కూర్చున్నాడు.

"పగుళ్ల మీద పుస్తకం రాసినవాణ్ణయ్యా నేను. ఆ అమ్మాయి బాల్కనీ అనగానే నాకు అర్థం కావాలి. నేను నా పేరు కోసం చూస్తూ కూర్చున్నాను." కాసేపు మేకవైపు చూశాడు. "నిన్న ఆ పెద్దాయన్ని చూడ్డానికి నడుచుకుంటూ ఆసుపత్రికి పోయాను. ఎవరు మీరు అని నర్సు అడిగింది. అన్యెబే అన్నాను. ఆయన బెడ్ అటుంది పొమ్మంది. ఆయన నిన్ను అడుగుతున్నాడు, ఇనలెగు. పేర్లు చదివినాయన్ని ఒకసారి రమ్మనండి అన్నాడు. వెళ్లు."

తిట్టడానికే అనుకున్నాను. నిజం చెప్పాలంటే తిడితే బాగుండుననిపించింది. ఆసుపత్రిలో పెద్దాయన నడుము దాకా పిండికట్టుతో పడుకుని ఉన్నాడు. నన్ను చూడగానే ముఖం వికసించింది.

"మీరే కదా బాబూ చదివింది? బాగా చదివారు. ఒక్క పేరు కూడా తడబడలేదు."

బెడ్ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"మా అమ్మాయి పేరు వచ్చిందా? నేను కింద పడ్డాక చదివుంటారు. దాన్ని అడిగితే ఏడుస్తుందే తప్ప చెప్పదు."

"చదివాను పెద్దాయనా."

"గవర్నర్ గారు విన్నారా?"

"విన్నారు."

ఆయన కళ్లు చెమర్చాయి. అటూ ఇటూ చూసి, పక్క బెడ్‌లో మనిషిని మాట్లాడొద్దని సైగ చేశాడు.

"అయితే దాని పేరు ఇంకొక్కసారి చదవండి బాబూ. మైకు లేకపోయినా ఫర్వాలేదు. ఆ రోజు ఎలా చదివారో అలాగే."

పాఠకులారా, గవర్నర్ గారి పందొమ్మిది బిరుదులు నన్ను నిద్రలో లేపి అడగండి, చెబుతాను. అన్యెబే గారివి ఇరవై ఆరు, ఇప్పుడు ఎవరికీ అక్కర్లేకపోయినా చెబుతాను. ఆ అమ్మాయి పేరు నాకు తెలియదు. గేటు దగ్గర నేను అడగలేదు.

పెద్దాయన మంచి చెవిని నావైపు తిప్పి కళ్లు మూసుకున్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. ఆయన వింటున్నాడు.