మందు లేని వైద్యం, మూడో గుంపు

"ఒక్క మాత్ర కూడా మింగించకుండా ప్రజల పేగులను క్రమశిక్షణలో పెడతాం!" అని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించగానే నాకు కళ్లు చెమర్చాయి. నేను బస్సు డ్రైవర్ని. ఐబీఎస్ అనే పేగుల జబ్బు రోగిని. స్కానింగులో ఏ లోపమూ కనబడదు. స్టీరింగ్ పట్టుకోగానే కడుపు మెలిపెడుతుంది. ఇంకొక్కసారి దారిలో బస్సు ఆపి పరుగెత్తితే డ్యూటీలోంచి తీసేస్తానని డిపో మేనేజరు చెప్పేశాడు.

మందు లేని వైద్యాల్లో ఏది మేలో తేల్చడానికి మంత్రిగారు పెద్దాసుపత్రిలో పోటీ పెట్టించారు. మొదటి గుంపుకి పథ్యం. రెండో గుంపుకి హిప్నాటిజం. పోల్చి చూడటానికని మూడో గుంపు ఊరికే కూర్చోవాలి. నేను సెలవు పెట్టి చేరితే మూడో గుంపులో పడ్డాను.

"మీకేమిస్తారట?" అంది మా ఆవిడ.

"ఏమీ ఇవ్వరట."

"పోన్లెండి, ప్రభుత్వానికి బాగా చేతనైన పనే."

మంత్రిగారి శ్రద్ధ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఉల్లి, గోధుమ, పాలు మానేసిన పథ్యం గుంపుకి, తాను వచ్చినప్పుడల్లా స్వహస్తాలతో క్రీమ్ కేకు తినిపించేవారు.

"సర్, వాళ్లు అది తినకూడదు," అంది పోటీ నడిపే డాక్టరమ్మ.

"ఫొటో అయ్యాక ఉమ్మేయమనండమ్మా," అన్నారాయన దయగా.

అటునుంచి అటే హిప్నాటిజం గది. "మీ కడుపు కదలని చెరువు..." అని డాక్టరమ్మ మెల్లగా చెబుతుండగా అనుచరులు జేజేలు కొడుతూ తలుపు తోశారు. పడుకున్నవాళ్లు ఉలిక్కిపడి లేచి పొట్టలు పట్టుకుని పరుగెత్తారు. తనకు ఎదురొస్తున్నారనుకుని మంత్రిగారు చేతులు జోడించారు.

మా గదికి మాత్రం ఎవరూ రాలేదు. ఊరికే కూర్చున్నవాళ్లని ఫొటో తీస్తే ఏం బాగుంటుందని పీఏ అన్నాడట. మేం కబుర్లలో పడ్డాం. పాఠం మధ్యలో తాను ఎన్ని సాకులతో బయటికి పరుగెత్తిందో మా గుంపులోని టీచరమ్మ చెబుతుంటే పడీ పడీ నవ్వేవాళ్లం. పోనుపోను కడుపు సంగతే మరిచిపోయాం. డ్యూటీకి రమ్మని డిపో నుంచి ఫోను కూడా వచ్చింది.

ఫలితాల సభ కింద హాల్లో జరిగింది. మా గది టీవీలో చూశాం.

"మొదటి రెండు గుంపులకీ జబ్బు ముదిరింది సర్. మూడో గుంపుకి తగ్గింది," అంది డాక్టరమ్మ.

"వాళ్లకేమిచ్చారు?"

"ఏమీ ఇవ్వలేదు సర్."

"ఎవరు చూసుకున్నారు?"

"ఎవరూ అటు వెళ్లలేదు సర్. అందుకే..."

మంత్రిగారి మొహం వెలిగిపోయింది. "నేను పట్టించుకోకపోతేనే ఇంత మేలు జరిగిందంటే, పట్టించుకుంటే ఇంకెంత జరగాలి! ఇకనుంచి రోజూ వాళ్ల దగ్గరే కూర్చుంటాను. పదండి!"

హాలంతా చప్పట్లు. టీవీలో ఆయన కుర్చీ ఖాళీ అయింది. మెట్ల మీద చాలామంది అడుగుల చప్పుడు దగ్గరవసాగింది.

టీచరమ్మ నవ్వు ఆగిపోయింది. "అన్నయ్యా, బాత్రూంకి ముందు నేను వెళ్తా," అంది.

నేనప్పటికే లోపల గడియ వేసుకున్నాను.