ఖాతునా పెళ్లి బాన

ఆ ఆదివారం ఉదయం బాద్రి పెట్టుకున్న పని చిన్నదే. మధ్యాహ్న భోజనంలోకి నిరుటి వైన్ ఒక కూజాడు తీయాలి. కొట్టు నేలలో మెడదాకా పాతిన మట్టి బానల్లో గుమ్మం నుంచి రెండోది నిరుటిది. బానల మీద గుర్తులు పెట్టే అలవాటు ఆ ఇంట్లో ఏ తరంలోనూ లేదు. సొంత బానను పోల్చుకోలేనివాణ్ణి ద్రాక్షతోటల సీమ కాఖేతిలో మనిషి కింద జమకట్టరు. కాకపోతే మొన్న చలికాలం మరమ్మతుల్లో కొట్టు గుమ్మం ఈ గోడ నుంచి ఆ గోడకు మారింది. గుమ్మం మారింది గానీ బాద్రి లెక్క మారలేదు.

బంకమట్టి తవ్వి రాతిమూత ఎత్తగానే వచ్చిన వాసనతోనే అతనికి పొరపాటు తెలిసిపోయింది. అది నిరుటి వాసన కాదు. కూతురు ఖాతునా పుట్టిన ఏడు పూడ్చిన బాన అది. ఆమె పెళ్లినాడు తప్ప తెరవనని చర్చిలో ప్రమాణం చేశాడు. ఇప్పుడు గాలి సోకింది. ఇక తాగెయ్యాలి, లేదా పులిసిపోతుంటే చూస్తూ కూర్చోవాలి.

మూత పెట్టేలోపే వాసన ప్రహరీ దాటింది. దాని వెంటే పొరుగింటి శాల్వా తల లేచింది.

"ఏం బాద్రీ, అమ్మాయి పెళ్లి బాన తెరిచావే. పెళ్లి కుదిరిందన్నమాట. మాకు మాటమాత్రమైనా చెప్పవా?"

తప్పు బాన తెరిచానంటే మనవల కాలం దాకా ఊరు నవ్వుతుంది. బాద్రి "ఊఁ" అన్నాడు.

"వరుడెవరు?"

"సాయంత్రం తెలుస్తుందిలే."

కబురు ఊరంతా పాకి మధ్యాహ్నానికి వాకిట్లో బల్లలు పడ్డాయి. ఎవరో గొర్రెను కోశారు. పాటగాళ్లు గొంతులు సవరించుకుంటున్నారు. చర్చి నుంచి భార్య ఎతేరి వచ్చింది.

"ఏమయ్యా, దారిపొడుగునా అందరూ నన్ను ముద్దుపెట్టుకుంటున్నారు. పెళ్లెవరికి?"

"నీ కూతురికి."

"ఎవరితో?"

"అదే ఆలోచిస్తున్నా."

ఖాతునా మనసులో ఎవరున్నదీ అతనికి తెలియక కాదు. రోడ్డు దిగువ ఫ్యాక్టరీలో స్టీలు ట్యాంకుల్లో వైన్ చేసే నోదార్. "పాలడబ్బాలో వైన్ చేసేవాడికి నా పిల్లనిస్తానా?" అని బాద్రి నిరుడు అరిచాక ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

పొద్దు వాలింది. ఎలాగూ పోయే పరువే కదా అని బాద్రి గ్లాసుకు బదులు వాడే కొమ్ములో వైన్ నింపి పట్టుకుని నిజం చెప్పడానికి లేచాడు. అప్పుడే, పొద్దున్నుంచీ ఇంట్లో లేని ఖాతునా గేటు తోసుకుని వచ్చింది. ఆమె చేతిలో నోదార్ చెయ్యి ఉంది.

"నాన్నా, నువ్వు బాన తెరిచావని శాల్వా బాబాయి ఫోన్ చేస్తే నమ్మలేదు. రేపు మేమిద్దరం ఊరొదిలి వెళ్లిపోవాలనుకున్నాం. బస్సు టికెట్లు కూడా తీశాం. నువ్వు ఒప్పుకుంటావని కల్లో కూడా అనుకోలేదు."

ఊరంతా బాద్రి వంక చూసింది. నిజం చెబితే కూతురు రేపు బస్సెక్కుతుంది. అతను కొమ్మును నోదార్ చేతికిచ్చాడు.

నోదార్ ఒక గుక్క తాగి ఆగిపోయాడు. టోపీ తీసేశాడు. "మామయ్యా, మా ట్యాంకుల్లో వందేళ్లుంచినా ఇది రాదు," అన్నాడు మెల్లగా.

బాద్రి కూడా అప్పుడే మొదటిసారి ఆ వైన్ రుచి చూశాడు. చనిపోయిన తండ్రి తన కాళ్లతో తొక్కిన ద్రాక్ష అది. ఆ ఏటి ఎండ, ఆ ఏటి వాన, తండ్రి చెమట, అన్నీ మట్టిలో ఇన్నాళ్లూ నిద్రపోయి ఇప్పుడు నాలుక మీద లేచాయి. మనిషి పోయినా మట్టి ఇంత దాచిపెడుతుందా అనుకుంటూ ఇంకో గుక్క తాగాడు. కొమ్ము చేతులు మారుతూ వాకిలంతా తిరిగింది. పాటగాళ్లు పాట మరిచారు.

"కుర్రాడి నాలుకకు రుచి తెలుసు," అన్నాడు బాద్రి కళ్లు తుడుచుకుంటూ. "కూర్చోమనండి."

సంబరం మూడు రోజులు సాగింది. పెళ్లి బాన అడుగంటాక నిరుటి బాన, దాని తరవాత మిగతావీ తెరిచారు. అసలు పెళ్లి మరుసటి నెలలో జరిగే నాటికి కొట్టులో చుక్క లేదు. పెళ్లికొచ్చినవాళ్లందరికీ నోదార్ ట్యాంకు వైనే పోశారు. బాద్రి మూడు కొమ్ములు తాగి, పర్వాలేదన్నాడు.