అరువుకెళ్ళిన వింగరు

ఒక పెద్ద అడవిలో అందరికీ ఫుట్‌బాల్ పిచ్చి. స్కాట్లాండు కొండల మీది అడవి అది. ఏడాదిలో మూడొందల రోజులు వాన పడేది, మిగతా రోజుల్లో పడబోయేది. అక్కడి కొండజట్టులో డూగీ అనే కుందేలు కుడివైపు వింగరు. మైదానం అంచున సున్నపుగీత వెంబడి దూసుకుపోయి, బంతిని సరిగ్గా గోలు ముందుకి అందించడం వాడి పని.

డూగీకి ఒక్కటే కోరిక. పెద్ద కప్పు ఫైనల్లో, సొంత మైదానంలో, ఏడో నంబరు చొక్కా వేసుకుని ఆ గీత పొడుగునా పరుగెత్తాలి. ఆ ఊహ వస్తే చాలు, కూర్చున్నచోటే వాడి కాళ్ళు ఆడేవి.

చిక్కల్లా ఏమిటంటే, జనం డూగీ పేరే కేకలేసేవారు. జట్టుని నడిపే కమిటీ పేరు ఒక్కడూ ఎత్తేవాడు కాదు. కార్యదర్శి మర్డో నక్కకి అది కంట్లో నలుసైంది.

"వీణ్ణి బురదజట్టుకి ఒక ఏడాది అరువిచ్చేద్దాం, అధ్యక్షా," అన్నాడు దుప్పిదొరతో. "బురదలో కుందేలేం పరుగెడుతుంది? వీడి పొగరు అణుగుతుంది, ఆ జట్టూ చెడుతుంది."

"మరి వాడొచ్చి మనమీదే ఆడితే?"

"అరువుకెళ్ళినవాడు సొంతజట్టుతో ఆటలో గీత దాటి లోపల కాలు పెట్టరాదు. రూలు రాసేశాను, ముద్ర కూడా కొట్టేశాను."

దుప్పిదొర కొమ్ములూపాడు. కమిటీలో చర్చంటే అంతే.

డూగీ బురదజట్టుకి వెళ్ళిన మొదటిరోజే చెవులదాకా దిగబడ్డాడు. ఆ జట్టు నాయకురాలు మొయిరా అనే నీటికుక్క వాణ్ణి చెవులు పట్టి పైకి లాగింది.

"భయపడకు నాయనా. కాలు దిగబడేలోపే తీసెయ్. బురదలో బతుకంతా అంతే," అంది.

తీసెయ్యడం నేర్చుకునేసరికి డూగీ వేగం రెట్టింపైంది. బురదజట్టు ఎన్నడూ ఎరగని గెలుపులు గెలిచింది. గెలిచి గెలిచి పెద్ద కప్పు ఫైనల్‌కి వచ్చి కూర్చుంది. ఎదుట కొండజట్టే. ఆట కొండ మైదానంలోనే.

కొండ కమిటీకి చెమటలు పట్టాయి. వెంటనే 'డూగీ నివారణ ఉపసంఘం' వేశారు. అది పదిహేనుసార్లు సమావేశమై, డూగీ ఎక్కడుంటే అక్కడ జట్టులోని ముగ్గురు పొట్టేళ్ళు మూడడుగుల దూరంలో నిలబడాలని తీర్మానించింది. తాము రాసిన రూలు ప్రకారం డూగీ అసలు ఆడనే ఆడడన్న సంగతి పదిహేను సమావేశాల్లో ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఫైనల్ రోజు డూగీ గీతకి అవతల కుర్చీలో కూర్చున్నాడు. రిఫరీ ఈల వెయ్యగానే ముగ్గురు పొట్టేళ్ళు పరుగున వచ్చి వాడి చుట్టూ నిలబడ్డారు.

"ఇక్కడేం పని, హామిష్?" అన్నాడు డూగీ పెద్ద పొట్టేలుతో. ఇద్దరూ పాత స్నేహితులు.

"నిన్ను ఆపుతున్నాను."

"నేను కూర్చునే ఉన్నాగా."

"అయితే బాగానే ఆపుతున్నామన్నమాట," అన్నాడు హామిష్ తృప్తిగా.

మైదానంలో పదకొండుమంది నీటికుక్కలు, ఎనిమిదిమంది కొండవాళ్ళు. మొదటి గోలు పడింది. రెండోది పడింది.

"పొట్టేళ్ళని వెనక్కి పిలవవయ్యా," అని దుప్పిదొర కొమ్ములు పీక్కున్నాడు.

"పిలవాలంటే ఉపసంఘం కూర్చోవాలండి. కూర్చోవాలంటే మూడురోజుల ముందు నోటీసివ్వాలి," అన్నాడు మర్డో.

ఈలోగా ఇంకో మూడు పడ్డాయి. డూగీకి మాత్రం సంతోషం రాలేదు. ఎదురుగా తన గీత, దానిమీద ఇంకెవరో పరుగెడుతున్నారు. వాడికి ఏడుపొచ్చేసింది. హామిష్ దగ్గరికొచ్చి తన బొచ్చుతో వాడి కళ్ళు తుడిచి, మళ్ళీ కొలిచినట్టు మూడడుగులు వెనక్కి జరిగాడు.

ఆడకుండానే ముగ్గురిని ఆడకుండా చేసినందుకు ఉత్తమ ఆటగాడి బహుమతి డూగీకే ఇచ్చారు.

కొండ కమిటీ ఓటమి మీద విచారణ జరిపి, డూగీ కూర్చోవడమే దానికి కారణమని తేల్చింది. అరువు గడువు తీరిన రోజే మర్డో ఏడో నంబరు చొక్కా పట్టుకుని స్వయంగా వాడి కలుగుకి వెళ్ళాడు. డూగీ చొక్కా తొడుక్కుని ఆనందంతో పల్టీలు కొట్టాడు.

"పరుగు ఎక్కణ్ణించి మొదలుపెట్టమంటారు, కార్యదర్శిగారూ?"

"పరుగేమిటి? నువ్వు కూర్చుంటేనే గెలుపు. నీ కోసం మెత్తటి కుర్చీ చేయించాం. గీతకి లోపలే వేయిస్తాం."

విచిత్రమేమిటంటే, అది పారింది. ఆ ఏడు ప్రతి జట్టూ జాగ్రత్త కోసం ముగ్గుర్ని పంపి డూగీ కుర్చీకి కాపలా పెట్టింది. కొండజట్టు ఆడిన ప్రతి ఆటా గెలిచి ఫైనల్‌కి చేరింది. కమిటీ మెడలో దండలు పట్టలేదు. డూగీ కాళ్ళు మాత్రం కుర్చీ కింద కొట్టుకుంటూనే ఉండేవి.

ఈసారీ ఆట కొండ మైదానంలోనే. ఫైనల్ చివరి నిమిషాల్లో, ఎవరికీ గోలు పడకుండా ఉన్నప్పుడు, దారి తప్పిన బంతి దొర్లుకుంటూ వచ్చి కుర్చీ కాలికి తగిలి ఆగింది.

డూగీ లేచాడు. "కూర్చో, కూర్చో," అని కమిటీ మొత్తం అరిచింది. వాడు వినలేదు. కాపలావాళ్ళు తేరుకునేలోపే గీత పొడుగునా ఈ చివరనుంచి ఆ చివరకి దూసుకుపోయి, బంతిని సరిగ్గా గోలు ముందుకి అందించాడు. హామిష్ తలతో ఒక్కటిచ్చాడు. గోలు. కప్పు. జనం వానలోకి టోపీలు విసిరారు. డూగీ నవ్వుతూ, ఏడుస్తూ, ఇంకా పరుగెడుతూనే ఉన్నాడు.

మర్నాడే కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. తన స్థానం వదిలి లేచినందుకు డూగీని జట్టులోంచి తీసేసింది. ఆ సంగతి చెప్పడానికి వెళితే వాడు కలుగులో లేడు. అప్పటికే బురదజట్టు మైదానంలో పరుగెడుతున్నాడు.

ఆ ఏటి ఉత్తమ ఆటగాడి బహుమతి, చివరిదాకా చోటు కదలనందుకు, కుర్చీకి ఇచ్చారు.

నీతి: కమిటీ మెచ్చేలా ఆడాలంటే నాలుగు కాళ్ళూ ఉండాలి, ఒక్కటీ కదలకూడదు.