వెలగని ట్యూబు

అక్కయ్య గుమ్మంలో అడుగుపెట్టేసరికి రేడియో మోగుతూ ఉండాలి. ఆ ఆదివారం పొద్దున్నే సూపరింటెండెంటు వేసుకున్న పథకం ఇంతే. బావగారు పోయినప్పటి నుంచి ఆవిడ ఈ తమ్ముడింట్లోనే ఉంటోంది. ఇవాళ మధ్యాహ్నం తన ఇంటికి వెళ్ళిపోతానంది. మూసిపెట్టిన ఇంట్లోకి ఒంటరిగా వెళ్ళడం మాటలు కాదు. కనీసం ఒక గొంతైనా పలకరించాలి కదా అనుకుని తాళంచెవి పట్టుకుని ముందుగా బయలుదేరాడు.

రేడియో కిటికీ పక్కన ఉంది. చెక్క పెట్టె, లోపల గాజు ట్యూబులు. బావగారు ప్రతి ఆదివారం దాని వెనక అట్ట విప్పి, స్క్రూడ్రైవరు పట్టుకుని సాయంత్రం దాకా దానితోనే కాపురం చేసేవారు. చీకటిపడే వేళకు మోగేది. మళ్ళీ ఆదివారానికి మూగపోయేది. ఆయన పనితనం గురించి చుట్టాలు చాటుగా నవ్వుకునేవారు. సూపరింటెండెంటు ఎదురుగానే నవ్వేవాడు.

మీట నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. వెనక అట్ట తీసి చూస్తే నాలుగు ట్యూబులు ఎర్రగా వెలుగుతున్నాయి, చివరనున్న ఐదోది మాత్రం నల్లగా ఉంది. ఆఫీసులో ఏళ్ళ తరబడి సూపరింటెండెంటుగిరీ వెలగబెట్టిన మనిషికి ఇంకేం సాక్ష్యం కావాలి? నలుగురు పనిచేస్తుంటే ఒకడు ఊరికే కూర్చున్నాడన్నమాట. ఇంత చిన్న సంగతి బావగారికి ఇన్నేళ్ళూ తట్టనందుకు జాలిపడి, ఆ ట్యూబు పీకి జేబులో వేసుకుని రేడియో మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు.

"ఇది చచ్చి చాలా కాలమైంది సార్," అని మెకానిక్ దాన్ని చెత్తబుట్టలో పడేసి, అలాంటిదే మరొకటి వెతికి ఇచ్చాడు. అప్పుడే చెత్తబండి వచ్చి బుట్ట ఖాళీ చేసుకుపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

కొత్త ట్యూబు పెట్టాడు. అదీ వెలగలేదు. సూపరింటెండెంటు ఫోను తీసి మెకానిక్‌ని కడిగేశాడు. మెకానిక్‌కి పౌరుషం వచ్చి సంచీ తగిలించుకుని దిగాడు.

"నా సరుక్కి వంక పెట్టకండి. పరీక్ష చేసే ఇచ్చాను."

"మరి వెలగదేం?"

"మీరు పెట్టడం చేతకాక."

ఇద్దరూ రేడియోకి చెరో పక్కా నిలబడి గొంతులు పెంచుకుంటుండగా అక్కయ్య వచ్చింది. విప్పిన అట్టను చూసింది, తరవాత తమ్ముణ్ణి చూసింది.

"చివర ఉన్నదాన్ని ఎవరు తీశారురా?"

"నేనే అక్కా. పాడైపోయింది."

"పాడవలేదు. నేనే కాస్త పైకి లాగి వదిలేశాను." ఆవిడ కుర్చీలో కూలబడింది. "రేడియో బాగుంటే ఆదివారం పూట ఆయన ఇంట్లో ఉండేవారా? పేకాటకని పోయి రాత్రికి గానీ తేలేవారు కాదు. అందుకే శనివారం ఆయన స్నానానికి వెళ్ళగానే దాన్ని లాగేసేదాన్ని. ఆదివారమంతా ఆయన దీనితో తంటాలు పడుతుంటే నేను పక్కన కూర్చుని కూరలు తరుక్కుంటూ కబుర్లు చెప్పేదాన్ని. ఆ శనివారం కూడా లాగాను. తెల్లారి ఆయన లేవలేదు."

మెకానిక్ కొత్త ట్యూబు పీకి సంచీలో వేసుకున్నాడు.

"మీరంతా నవ్వుతుంటే, తనకి పని రాదనుకుంటూనే పోయారురా. ఇవాళ నా చేత్తో నేనే దాన్ని నొక్కాలనుకున్నాను. అది మోగాలి. ఆయన చేతిలో లోపమేం లేదని ఈ ఇంట్లో ఒక్కసారైనా వినపడాలి. ఆ పాతది నాకు తెచ్చిపెట్టు."

బుట్టని చెత్తబండి ఖాళీ చేసుకుపోయిందని మెకానిక్ చెప్పగానే సూపరింటెండెంటు ఊరిచివర చెత్తదిబ్బ దాకా పరుగెత్తాడు. ఇస్త్రీ చొక్కాతో చెత్త కెలుకుతున్న పెద్దమనిషిని చూసి కాపలావాడు ఏం పోయిందని అడిగాడు.

"మా బావగారిదయ్యా. వెలకట్టలేనిది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కాపలావాడు చొక్కా చేతులు మడిచి తనూ దిగాడు. దారినపోయేవాళ్ళు సైకిళ్ళు ఆపారు. ఎంత ఉంటుందని ఒకడు అడిగితే బొటనవేలంత అన్నాడు. మెరుస్తుందా అని ఇంకొకడు అడిగితే గాజు కదా, మెరుస్తుందన్నాడు. బొటనవేలంత రవ్వ పోయిందన్న కబురు క్షణాల్లో గుప్పుమంది. చూస్తుండగానే దిబ్బ మీద కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. చివరికి ఒక ముసలావిడ గాజు ట్యూబొకటి పైకెత్తి, విసుక్కుని పక్కన పారేసింది. సూపరింటెండెంటు దాని మీద పడి, గుండెలకు హత్తుకుని, వెక్కివెక్కి ఏడ్చాడు. పాపం మతి చెడిందనుకుని జనం జాలిపడి ఇళ్ళకు పోయారు.

సూపరింటెండెంటు తిరిగొచ్చేసరికి మెకానిక్ రేడియోను తలకిందులుగా పెట్టి, అడుగుభాగంలోకి చూస్తూ ఉన్నాడు. దాన్ని సరిగా నిలబెట్టాడు. అక్కయ్య ట్యూబును కొంగుతో తుడిచి, దాని చోట పెట్టి నొక్కింది. పాట వచ్చింది. ట్యూబు మాత్రం నల్లగానే ఉంది.

"ఈ రేడియోకి ఉన్నవి నాలుగే ట్యూబులమ్మా," అన్నాడు మెకానిక్. "చెయ్యి అందే చోట ఉండే అసలుదాన్ని ఎవరో లోపలికి జరిపి, ఇక్కడ ఈ చచ్చినదాన్ని పెట్టారు. ఈ ట్యూబు అడుగున రెండు పిన్నుల్ని తీగతో కలిపి, స్పీకరు తీగని దీని గుండా తిప్పారు. తీస్తే పాట ఆగుతుంది, పెడితే వస్తుంది. ముట్టుకున్న చేతికి షాకు తగలదు. కంపెనీ పని కాదిది. అతుకులు చూస్తే చాలా ఏళ్ళనాటివి."

అక్కయ్య తన వేలికొస చూసుకుంది.

"మొదట్లో ఒకసారి షాకు కొట్టింది," అంది. "వేలు కాలితే పొయ్యి తగిలిందని చెప్పాను. సరేనని మందు రాశారు." అని పెట్టె మీద తల ఆనించి ఏడ్చింది. నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చి సూపరింటెండెంటు తలెత్తలేకపోయాడు. మెకానిక్ పనిముట్లు సంచీలో సర్దుకున్నాడు.

కాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"మరి పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా స్క్రూడ్రైవరు పట్టుకుని ఏం చేసేవారయ్యా?"

"నాకేం తెలుసమ్మా," అన్నాడు మెకానిక్. "రిపేరు మాత్రం కాదు."